చెల్లించని బిల్లు కూడా పన్నే: మాంద్యంలో పన్నుల పెంపు, ఖర్చుల కోత

బొబ్బిలిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నానని, కళాశాల వాదన పోటీలో "మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వం పన్నులు పెంచడం కంటే ఖర్చులు తగ్గించడమే మేలు" అన్న పక్షాన మాట్లాడవలసి వచ్చిందని, అయితే ఆ మాట సరైనదో కాదో తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. చివర అడిగిన ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే: "మా ఇంట్లో నాన్నగారి జీతం తగ్గితే మేము ఖర్చు తగ్గించుకుంటాం కదా, ప్రభుత్వం ఎందుకు తగ్గించుకోకూడదు?" నేను 1986 నుంచి 2019 వరకు ఖజానా శాఖలో, అందులోనూ ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే పనిచేశాను. కాబట్టి పుస్తకాల్లో చదివినదానితోపాటు, బిల్లు చేతపట్టుకొని కిటికీ ముందు నిలబడినవారి దగ్గర తెలుసుకున్నది కూడా మీకు చెప్పగలను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆర్థిక వ్యవస్థ కుంగుతున్న ఏడాదిలో, ప్రభుత్వానికి అప్పు పుట్టే వీలున్నంతవరకు, ఈ రెండింటిలో ఏదీ చేయకూడదు. అప్పు పుట్టక ఏదో ఒకటి తప్పనిసరి అయితే, జరుగుతున్న పనులు ఆపడం కంటే బాగా సంపాదించేవారి మీద పన్ను పెంచడం వల్లే తక్కువ నష్టం జరుగుతుంది. మన దగ్గర ఖర్చుల కోత అన్నది ఆచరణలో చాలావరకు బిల్లులు ఆపడం, పనులు నిలిపివేయడం రూపంలోనే వస్తుంది. చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతోంది. ఆగిపోయిన బిల్లు మాత్రం ఏ చట్టమూ లేకుండా, ఏ సభలోనూ చర్చ జరగకుండా, అందరికంటే బక్కవాడి జేబులోంచి వసూలయ్యే పన్ను.

ఇంటి పోలిక ఎక్కడ తప్పుతుందో చూద్దాం. మీ ఇంట్లో ఈ నెల సరుకులు తక్కువ కొన్నంత మాత్రాన మీ నాన్నగారి జీతం వచ్చే నెల మరింత తగ్గిపోదు. ప్రభుత్వానికి అలా కాదు. అది ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ ఎవరికో ఒకరికి ఆదాయం, ఆ ఆదాయంలోంచి జరిగే కొనుగోళ్ల మీద వచ్చేదే దాని పన్ను. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమను తీసుకోండి. జీడిపప్పు బియ్యం, ఉప్పు లాంటి సరుకు కాదు, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు కొనేది. పెద్ద నగరాల్లో మిఠాయి దుకాణాల బేరాలు పడిపోగానే ఇక్కడ ఆర్డర్లు తగ్గుతాయి, యజమాని పిక్కల కొనుగోలు తగ్గిస్తాడు, వారానికి ఆరు రోజులు నడిచే పని మూడు రోజులకు వస్తుంది, కిలో లెక్కన కూలి తీసుకొని పప్పు ఒలిచే ఆడవాళ్ల చేతికి ఆ వారం సగం డబ్బే వస్తుంది. వాళ్లు కిరాణా కొట్టులో కిలో నూనెకు బదులు అరకిలో తీసుకుంటారు, పిల్లవాడి చెప్పులు వచ్చే నెలకు వాయిదా వేస్తారు, కొట్టు యజమాని టోకు వర్తకుడికి పంపే చీటీలో సరుకులు తగ్గిస్తాడు. ఇందులో ఎవరిదీ తప్పు లేదు, ఎవరి ఇంటికి వారు జాగ్రత్తపడ్డారు, కానీ ఆ జాగ్రత్తలన్నీ కలిసి ఊరి మొత్తం ఆదాయాన్ని తగ్గించాయి. సరిగ్గా అదే వారంలో ప్రభుత్వం కూడా మీ నాన్నగారిలాగే ఆలోచించి, అదే ఊళ్లో చెరువు పనిని ఆపేస్తే, ఆ ఇళ్లకు డబ్బు ఇక ఏ దారిన రావాలి?

ఈ గొలుసును అర్థశాస్త్రంలో గుణకం అంటారు. ప్రభుత్వం ఒక రూపాయి అదనంగా ఖర్చుచేస్తే దేశం మొత్తం ఉత్పత్తి ఎన్ని రూపాయలు పెరుగుతుందో చెప్పే అంకె అది. ఢిల్లీలోని జాతీయ పబ్లిక్ ఫైనాన్స్, విధాన సంస్థలో సుకన్యా బోస్, ఎన్.ఆర్. భానుమూర్తి 2013లో మన దేశానికి వేసిన అంచనాలో, మూలధన వ్యయానికి, అంటే రోడ్లు, కాలువలు, భవనాల వంటి పనులకు, గుణకం 2.45గా తేలింది. బదిలీ చెల్లింపులకు, అంటే పింఛన్లు, సాయం వంటి వాటికి 0.98, జీతాల వంటి ఇతర రెవెన్యూ వ్యయానికి 0.99 వచ్చాయి. పన్ను ఒక రూపాయి పెరిగితే ఉత్పత్తి దాదాపు ఒక రూపాయి తగ్గుతుందని కూడా అందులోనే ఉంది. లెక్కకట్టే పద్ధతిని బట్టి అంకెలు కొంత మారవచ్చు, కానీ మీ చర్చకు కావలసింది ఆ అంకెల మధ్య ఉన్న తేడా. నూరు రూపాయల పన్ను పెంచితే సుమారు నూరు రూపాయల నష్టం, నూరు రూపాయల కాలువ పని ఆపితే దాదాపు 245 రూపాయల నష్టం. కారణం తెలిసినదే. పన్ను కట్టే సంపన్నుడు ఆ నూరు రూపాయల్లో కొంత భాగాన్ని ఎలాగూ బ్యాంకులో దాచుకొని ఉండేవాడు. కాలువ పనిలో కూలి తీసుకునే మనిషి ఆ డబ్బంతా శనివారం సంత దాటకముందే ఖర్చుచేస్తాడు. నార్వే ఆర్థికవేత్త ట్రిగ్వే హావెల్మో 1945లో ఇంకొక అడుగు ముందుకు వేసి, అప్పు చేయకుండా, పన్ను పెంచి వచ్చిన సొమ్మంతటినీ వస్తుసేవల మీద ఖర్చుపెట్టినా మొత్తం ఉత్పత్తి పెరుగుతుందని చూపించారు. లోటు పెంచడానికి వీలులేని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇది చాలా విలువైన మాట.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. ఒక మండలంలోని ఉపఖజానాలో నేను పనిచేస్తున్న కాలంలో, పైనుంచి చెల్లింపులపై ఆంక్షలు వచ్చాయి. జీతాలు, పింఛన్లు, ఇంకా రెండు మూడు పద్దులు తప్ప మిగిలిన బిల్లులన్నీ ఆపమని దాని సారాంశం. గెడ్డ (వాగు) మీద చిన్న కల్వర్టు కట్టిన ఒక గుత్తేదారు బిల్లు అప్పటికే కొలతల పుస్తకంలో నమోదై, పరిశీలన పూర్తయి, మా దగ్గరకు వచ్చి ఉంది. అతడు పెద్ద గుత్తేదారు కాదు, అంతకుముందు తాపీ మేస్త్రిగా పనిచేసి, భార్య పుస్తెలతాడు తాకట్టుపెట్టి మొదటిసారి స్వయంగా పని పట్టినవాడు. టోకెన్ నంబరు రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకొని ప్రతి సోమవారం కిటికీ దగ్గరకు వచ్చేవాడు. నాలుగైదు నెలలకు ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోతే, అతికించుకొని మళ్లీ తెచ్చాడు. ఆ బిల్లు పాసవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా అతడు సిమెంటు కొట్టుకు నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టాడు, కంకర తోలిన ట్రాక్టరు యజమానికి ముఖం చూపించలేకపోయాడు, అతని దగ్గర పనిచేసిన నలుగురు మేస్త్రులూ కుటుంబాలతో చెన్నై రైలెక్కారు. ప్రభుత్వ లెక్కల్లో ఆ ఏడాది ఖర్చు తగ్గినట్టే కనబడింది, లోటు అదుపులో ఉన్నట్టే రాశారు. నిజానికి తగ్గినదేమీ లేదు. ప్రభుత్వం చేయవలసిన అప్పును, ప్రభుత్వం కట్టే వడ్డీకి నాలుగైదు రెట్లు ఎక్కువ వడ్డీకి, ఆ మనిషి తన పేరు మీద చేశాడు. ఈ సంగతిని నేను ఏళ్ల తరబడి తలచుకుంటూనే ఉన్నాను, ఎందుకంటే ఆ బిల్లు మీద "నిధుల ఆంక్షలు" అని రాసి పక్కన పెట్టిన చేతుల్లో నా చేయి కూడా ఉంది.

ఇలా వాయిదా వేయడం కోతే తప్ప పొదుపు కాదనడానికి అందరికీ తెలిసిన దాఖలా ఒకటి ఉంది. 2020లో కరోనా దెబ్బకు రాబడి పడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఏడాదికి 6 శాతం వడ్డీ ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఉద్యోగికి, పింఛనుదారుకు కోర్టు ఉంది, సంఘం ఉంది. కల్వర్టు కట్టిన మేస్త్రికి ఆ రెండూ లేవు.

చరిత్రలో మన ప్రాంతం ఈ రెండు కత్తుల దెబ్బనూ ఒకేసారి తిన్నది. 1929లో మొదలైన మహామాంద్యం కాలంలో ధాన్యం ధర సగానికి దగ్గరగా పడిపోయింది. శిస్తు మాత్రం రూపాయల్లోనే స్థిరంగా ఉండడంతో, వెనుక ఒక బస్తా అమ్మి కట్టిన శిస్తుకు రెండు బస్తాలు అమ్మవలసి వచ్చింది. అటువంటి సమయంలో భారత ప్రభుత్వం 1931 సెప్టెంబరులో అత్యవసర బడ్జెట్టు పెట్టి, పన్నుల మీద 25 శాతం సర్‌ఛార్జీ వేసి, ఉద్యోగుల జీతాల్లో 10 శాతం కోత కూడా పెట్టింది. మణుగు ఉప్పు మీద రూపాయి నాలుగణాలున్న సుంకం రూపాయి తొమ్మిదణాలైంది. నౌపడ ఉప్పు మళ్లున్న ఈ తీరంలో కూడా గంజిలో వేసుకునే ఉప్పు మీద పన్ను పెరిగిందంటే, ఆనాటి పాలకులకు బడ్జెట్టు సమతూకం ఎంత ముఖ్యమో, జనం కొనుగోలు శక్తి ఎంత అప్రధానమో అర్థమవుతుంది. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు వరకు సాగిన రైతు రక్షణ యాత్ర వెనుక ఆ దశాబ్దపు ఈ బాధ అంతా ఉంది.

అమెరికాలో అదే 1937లో, పరిస్థితి బాగుపడుతోందన్న నమ్మకంతో ప్రభుత్వం ఖర్చు తగ్గించింది, సామాజిక భద్రత పన్ను వసూలు మొదలుపెట్టింది, కేంద్ర బ్యాంకు కూడా బ్యాంకులు అప్పివ్వకుండా పక్కన ఉంచవలసిన నిల్వల నిబంధన బిగించింది. ఏడాది తిరిగేసరికి పారిశ్రామికోత్పత్తి దాదాపు మూడో వంతు పడిపోయింది. గ్రీసు సంగతి ఇంకా దగ్గరి కాలానిది: 2010 తరువాత పన్నులూ పెంచారు, జీతాలూ పింఛన్లూ కోశారు, ఆర్థిక వ్యవస్థ సుమారు నాలుగో వంతు కుంచించుకుపోయింది, నిరుద్యోగం 27 శాతం దాటింది. అప్పు తగ్గించడానికే ఇదంతా చేసినా, 2012లో ప్రైవేటు రుణదాతలు బాకీలో పెద్ద భాగం వదులుకున్నా, 2009లో జీడీపీలో, అంటే దేశం ఏడాది మొత్తం ఉత్పత్తిలో, సుమారు 127 శాతంగా ఉన్న అప్పు 2014 నాటికి 180 శాతం దగ్గరకు చేరింది. అప్పు ఎంత ఉందో చెప్పే ఆ శాతంలో కింద ఉన్నది జీడీపీ. దాన్నే కోసుకుంటే పైనున్న అంకె మారకపోయినా శాతం పెరుగుతుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఒలివియే బ్లాంచార్డ్, డేనియల్ లీ కలిసి, కోతల వల్ల కలిగే నష్టాన్ని తమవంటి అంచనాదారులు చాలా తక్కువగా లెక్కకట్టారని 2013లో రాశారు. తప్పును అంత స్పష్టంగా ఒప్పుకోవడం నాకు గౌరవం కలిగించిన విషయం.

అయితే మీరు ఎదుటి పక్షాన మాట్లాడాలి కాబట్టి, ఆ పక్షానికున్న బలమైన వాదనలు కూడా చెప్పడం నా బాధ్యత. ఇటలీ ఆర్థికవేత్త ఆల్బెర్టో అలెసినా, ఆయన సహచరులు అనేక దేశాల అనుభవాలను పరిశీలించి, లోటు తగ్గించక తప్పనప్పుడు పన్నుల పెంపుతో చేసినదానికంటే ఖర్చుల కోతతో చేసినది తక్కువ బాధాకరంగా ఉందని వాదించారు. ఖర్చు తగ్గితే భవిష్యత్తులో పన్నులు పెరగవన్న ధైర్యం పెట్టుబడిదారులకు కలుగుతుందన్నది ఆ వాదనలో ముఖ్యాంశం. దీనికి కెనడాను ఉదాహరణగా చూపుతారు. 1995 నుంచి అక్కడ ఖర్చులు గట్టిగా తగ్గించారు, 1997-98 నాటికి బడ్జెట్టు మిగులులోకి వచ్చింది, వృద్ధి కూడా ఆగలేదు. మీరు దీన్ని వాదనలో నిస్సంకోచంగా వాడుకోవచ్చు. కానీ ఎదుటివారు చదువుకొని వచ్చినవారైతే, ఆ సంవత్సరాల్లో కెనడా మాంద్యంలో లేదని, వడ్డీ రేట్లు తగ్గాయని, పక్కనే ఉన్న అమెరికా మంచి ఊపులో ఉండి కెనడా సరుకును కొన్నదని గుర్తుచేస్తారు. వడ్డీ తగ్గించే వెసులుబాటు, ఎగుమతికి కొనేవాడు, ఈ రెండూ ఉన్న దేశానికి ఖర్చుల కోత తట్టుకోదగినదే. కరోనా వంటి, ప్రపంచమంతా ఒకేసారి పడిపోయిన సమయంలో ఆ రెండోది ఎవరికీ దొరకదు.

పన్నుల పక్షంలోనూ లోపాలున్నాయి, నేను వాటిని దాచను. పన్ను పెంచడం అనగానే మన దేశంలో తేలికగా చేయి పడేది పెట్రోలు, డీజిల్ మీద. 2020 మే నెలలో, ఆ ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని తరువాత ప్రకటించిన ఆ రోజుల్లోనే, కేంద్రం లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు సుంకం పెంచింది. ముడిచమురు ధర అప్పుడు బాగా పడిపోయి ఉండడంతో బంకు దగ్గర రేటు ఆ రోజు పెరగలేదు. అందువల్ల చాలామందికి పన్ను పడినట్టే తెలియలేదు. చమురు ధర కోలుకున్నాక మాత్రం ఆ భారం మర పడవ నడిపే మత్స్యకారుడి మీద, దుక్కికి ట్రాక్టరు పిలిచే రైతు మీద, కూరగాయలు తెచ్చే ఆటో మీద సమానంగా పడింది. పైగా ఆ పెంపు సెస్సు, ప్రత్యేక అదనపు సుంకం రూపంలో ఉండడం వల్ల రాష్ట్రాలకు అందులో వాటా రాలేదు. కాబట్టి మాంద్యంలో పన్ను పెంచవచ్చు అని నేను అంటున్నది ఇటువంటి పన్నును ఉద్దేశించి కాదు. అధిక ఆదాయాల మీద సర్‌ఛార్జీ, పెద్ద లాభాల మీద పన్ను, విలువైన ఆస్తుల మీద పన్ను, ఇవి కట్టేవాడి రోజువారీ కొనుగోళ్లను పెద్దగా తగ్గించవు. 2019 సెప్టెంబరులో, వృద్ధి మందగించినప్పుడు, కేంద్రం కంపెనీల పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించి ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నట్టు చెప్పింది. కొనేవాడు లేక అమ్మకాలు పడిపోయినప్పుడు అమ్మేవాడికి పన్ను తగ్గిస్తే ఎంత ప్రయోజనమన్న సందేహం నాకు ఆనాడే కలిగింది, ఈనాడూ ఉంది.

రాష్ట్రానికి వస్తే చేతులు మరింత కట్టేసి ఉంటాయి. ఆదాయపు పన్ను కేంద్రానిది. రాష్ట్రం వేయగల వృత్తిపన్నుకు 276వ అధికరణం ఏడాదికి మనిషికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అమ్మకాల మీద రేట్లు రాష్ట్రం ఒంటరిగా నిర్ణయించలేదు. మిగిలినవి మద్యం, పెట్రోలు, డీజిల్, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. అప్పు చేద్దామన్నా, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి తీసుకోవాలి. 2020లో రాష్ట్రాలు చేయగల అప్పు పరిమితిని రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచారు గాని, పెంచిన 2 శాతంలో 0.5 మాత్రమే షరతు లేకుండా వచ్చింది, మిగిలినది రేషన్ కార్డులు, విద్యుత్తు వంటి సంస్కరణలతో ముడిపెట్టారు. నా దృష్టిలో ఈ చర్చ అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాంద్యంలో అప్పు చేసి నిలబడగలిగినది కేంద్రం, జనం ముందు నిలబడవలసినది రాష్ట్రం. అందుకే అటువంటి ఏడాదిలో కేంద్రం నుంచి రాష్ట్రానికి షరతులు లేకుండా డబ్బు రావాలని నేను గట్టిగా నమ్ముతాను.

కేంద్రం ఖర్చుపెట్టినప్పుడు ఏం జరుగుతుందో అదే 2020లో మన ఊళ్లలో చూశాం. ఉపాధి హామీకి బడ్జెట్టులో పెట్టిన 61,500 కోట్లకు మరో 40,000 కోట్లు కలిపారు, ఆ ఏడాది దేశంలో 389 కోట్ల పనిదినాలు నడిచాయి. 2006లో ఈ పథకం మొదలైన తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఒకటి కాబట్టి, మస్తర్లు (హాజరు పట్టీలు), కొలతలు, పని చూసుకునే మేట్లు అన్నీ ఇక్కడ అలవాటైన సంగతులే. హైదరాబాదు, విజయవాడ, చెన్నైల నుంచి వెనక్కి వచ్చిన వలస కుటుంబాలు ఆ వేసవిలో చెరువు పూడికతీత పనుల్లో కనిపించాయి. మా వీధిలోని కిరాణా కొట్టు యజమాని, వేతనదారుల ఖాతాల్లో డబ్బు పడిన రోజేదో బ్యాంకు సందేశం లేకుండానే తనకు తెలిసిపోతుందని, ఆ సాయంత్రం పాత బాకీలు వసూలవుతాయని నాతో అన్నాడు.

మరి ఏ ఖర్చూ తగ్గించకూడదా అంటే, తగ్గించవలసినవి ఉన్నాయి. ప్రకటనల ఖర్చు, కొత్త వాహనాలు, అద్దె భవనాల్లో అలంకరణలు, ఒకే పనికి రెండు సంస్థలు, ఇవన్నీ తగ్గించండి, ఎవరూ బాధపడరు. కానీ అవన్నీ కలిపినా పెద్ద మొత్తం కాదని ఖజానాలో పనిచేసిన ఎవరైనా చెబుతారు. పెద్ద మొత్తాలు ఉండేది జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సంక్షేమ చెల్లింపులు, పనులలో. వడ్డీ ఆపలేరు, జీతాలు ఆపితే గొడవ, సంక్షేమం ఆపితే ఓట్లు. మాట్లాడలేని పద్దు పనులదే కాబట్టి కత్తి ఎప్పుడూ దానిమీదే పడుతుంది. గుణకం అత్యధికంగా ఉన్నదీ అదే కావడం మన దురదృష్టం. లోటును తగ్గించవలసిన కాలం వేరే ఉంది. 2003 తరువాత వృద్ధి బాగున్న ఏళ్లలో కేంద్రం లోటు తగ్గుతూ వచ్చి 2007-08 నాటికి జీడీపీలో 2.5 శాతం దగ్గరకు చేరింది. అందువల్లే 2008లో ప్రపంచ సంక్షోభం తాకినప్పుడు, ఆ డిసెంబరులో ఎక్సైజు సుంకం రేటును 4 శాతం పాయింట్ల మేర తగ్గించి, లోటును 6 శాతం దాకా పోనివ్వగలిగింది.

పోటీకి వెళ్లేముందు ఒక పని చేయండి. రాష్ట్ర బడ్జెట్టు పుస్తకంలో ప్రతి పద్దుకూ మొదట పెట్టిన అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల తరువాత తేలే వాస్తవ ఖర్చు ఉంటాయి. ఆ అంకెలు ఒకే పుస్తకంలో దొరకవు, వరుసగా మూడేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోవాలి. నీటిపారుదల, రోడ్లు, భవనాల పద్దుల్లో 2020-21 సంవత్సరానికి ఆ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి, వాటి కిందనే జీతాలకూ వడ్డీలకూ అవే మూడు అంకెలు రాయండి. మీరు ఏ పక్షాన మాట్లాడినా, కోత అన్నప్పుడు నిజంగా కోసింది దేన్నో ఆ కాగితం చూసి చెప్పగలుగుతారు. లెక్కలు చూడడంలో ఎక్కడైనా చిక్కువస్తే పద్దు సంఖ్యతో సహా రాయండి, నేను విడమరచి చెబుతాను.